ఉసిరి రసం తాగితే రక్తం పడుతుందా?

చలికాలం వచ్చిందంటే పాతపట్నం బజారులోకి ఉసిరికాయలు దిగుతాయి. కొండ ప్రాంతాల నుంచి తట్టల్లో తెస్తారు. పక్కనే జామకాయలు పోసి అమ్ముతారు. మహేంద్రతనయ ఏటికి ఇటు మనం, అటు ఒడిశాలోని పర్లాకిమిడి వాళ్ళం. అటువాళ్ళూ ఇటువాళ్ళూ కొనుక్కుంటారు.

కొనేటప్పుడు ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది.

"ఉసిరి తినమ్మా, రక్తం పడుతుంది."

ఈ మాట మన పెద్దలు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఈ మధ్య కొత్త మాటలు కూడా చేరాయి. దానిమ్మ రసం తాగితే రక్తం వస్తుంది అంటారు. బీట్‌రూట్ రసం ఎర్రగా ఉంటుంది కాబట్టి అదీ రక్తమే అంటారు. కొందరు సీసాల్లో పోసి "రక్తం పెంచే పండ్ల రసం" అని వందల రూపాయలకు అమ్ముతారు.

ఇందులో నిజం ఎంత?

సగం నిజం ఉంది. ఆ సగం ఏమిటో తెలుసుకుంటే మనకు లాభం. తెలుసుకోకపోతే డబ్బు పోతుంది. ఒక్కోసారి ప్రాణం మీదకు కూడా వస్తుంది.

నూటికి 59 మంది

2019 నుంచి 2021 వరకు దేశమంతా ఒక సర్వే జరిగింది. దాని పేరు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళ వేలి నుంచి చుక్క రక్తం తీసి పరీక్ష చేశారు. మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి దాదాపు 59 మందికి రక్తం తక్కువగా ఉందని తేలింది. అయిదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 63 మందికి తక్కువ.

అంటే పది మంది ఆడవాళ్ళు ఒకచోట కూర్చుంటే వాళ్ళలో ఆరుగురికి రక్తం చాలడం లేదన్నమాట. ఆ ఆరుగురిలో మనం ఉండవచ్చు. మన కోడలు ఉండవచ్చు. మన బిడ్డ ఉండవచ్చు.

దీన్నే రక్తహీనత అంటారు. రక్తహీనత అంటే ఒంట్లో రక్తం లీటర్ల లెక్కన తగ్గిపోవడం కాదు. రక్తంలో ఉండాల్సిన ఎర్రకణాలు తగ్గడం. లేదా ఆ కణాల్లో ఉండే హిమోగ్లోబిన్ అనే పదార్థం తగ్గడం. రక్తానికి ఎరుపు రంగు ఇచ్చేది హిమోగ్లోబినే. మనం పీల్చిన గాలిలోని ప్రాణవాయువును ఒళ్ళంతా మోసుకుపోయేది కూడా అదే.

మోసేవాళ్ళు తగ్గితే ఏమవుతుంది? నాలుగు బిందెలు నీళ్ళు తెచ్చేసరికి ఆయాసం వస్తుంది. మెట్లు ఎక్కితే గుండె దడదడలాడుతుంది. కళ్ళు తిరుగుతాయి. కింది రెప్ప లోపలి వైపు, నాలుక, గోళ్ళు తెల్లగా పాలిపోతాయి. కొందరికి మట్టి, బలపం, పచ్చి బియ్యం తినాలనిపిస్తుంది. "ఏటే కోడలా, అలా పాలిపోనావు? తిండి తినడం లేదా?" అని అత్త అడుగుతుంది. కోడలు తింటూనే ఉంటుంది. అయినా రక్తం పట్టదు. ఎందుకు పట్టదో ముందు ముందు చూద్దాం.

హిమోగ్లోబిన్‌ను గ్రాముల్లో లెక్క కడతారు. మామూలు ఆడవాళ్ళకు 12 గ్రాములు ఉండాలి. గర్భిణికి కనీసం 11 ఉండాలి. మగవాళ్ళకు 13 ఉండాలి. గర్భిణికి 7 కన్నా తగ్గిందంటే తల్లికీ బిడ్డకీ ప్రమాదం. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. కాన్పులో కొంచెం రక్తం పోయినా అలాంటి తల్లి తట్టుకోలేదు.

రక్తం ఎక్కడ తయారవుతుంది?

రక్తం పొట్టలో తయారవుతుందని చాలామంది అనుకుంటారు. కాదు. ఎముకల లోపల తయారవుతుంది. పెద్ద ఎముకల్లో మెత్తని గుజ్జు ఉంటుంది. దాన్ని మూలుగ అంటారు. ఎర్రకణాలు పుట్టేది అక్కడే.

ఎన్ని పుడతాయో తెలుసా? ఒక్క సెకనుకు 20 లక్షలకు పైగా. మీరు ఈ వాక్యం చదివేలోపే మీ ఎముకల్లో కోటికి దగ్గరగా కొత్త కణాలు తయారై ఉంటాయి. ఒక్కో కణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. ఆ తర్వాత ముసలిదై చిట్లిపోతుంది. దాని చోటికి కొత్తది రావాలి.

ఇటుకల బట్టీ పని మనలో చాలామందికి తెలుసు. మూలుగ కూడా ఒక బట్టీ లాంటిదే. బట్టీ నడవాలంటే ఏం కావాలి?

మట్టి కావాలి. ఎర్రకణానికి మట్టి ఇనుము. మేకులు, కొడవళ్ళు చేసే ఇనుమే అది. అయితే మనకు కావాల్సింది చాలా కొంచెం. పెద్దవాళ్ళ ఒంట్లో ఉండే ఇనుమంతా కలిపితే 3, 4 గ్రాములు. అంటే ఒక మేకు బరువు. అందులో మూడింట రెండు వంతులు రక్తంలోనే ఉంటుంది. మట్టిలో కలిపే నీరు లాగా మాంసకృత్తులు కూడా కావాలి.

అచ్చు పోసే పనివాళ్ళు కావాలి. ఆ పని చేసేవి రెండు విటమిన్లు. ఒకటి ఫోలిక్ ఆమ్లం. రెండోది బి12.

ఎన్ని ఇటుకలు కావాలో చెప్పే మేస్త్రీ కావాలి. ఆ మేస్త్రీ మన మూత్రపిండాలు. రక్తంలో ప్రాణవాయువు తగ్గిందని తెలియగానే మూత్రపిండాలు ఎరిత్రోపోయిటిన్ అనే రసాన్ని రక్తంలోకి వదులుతాయి. "ఇంకా కణాలు చెయ్యండి" అని మూలుగకు అదే కబురు.

మట్టి లేకపోయినా, పనివాళ్ళు లేకపోయినా, మేస్త్రీ మంచాన పడ్డా బట్టీ ఆగిపోతుంది. మన ప్రాంతంలో ఎక్కువగా కొరత పడేది మట్టికే. అంటే ఇనుముకే.

ఇనుము మన తిండిలో లేదా?

ఉంది. మన పాత తిండిలో బాగానే ఉంది. వంద గ్రాముల ఉలవల్లో 8 మిల్లీగ్రాముల దాకా ఇనుము ఉంటుంది. గంటెల్లో 6 దాకా ఉంటుంది. చోళ్ళలో 4కు పైగా ఉంటుంది. తోటకూర, మునగాకు లాంటి ఆకుకూరల్లో ఉంది. నువ్వుల్లో ఉంది. మిల్లులో తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో మాత్రం ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. చోడి అంబలి మానేసి మూడు పూటలా తెల్లన్నం తింటే ఇనుము తగ్గక ఏమవుతుంది?

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. తిన్న ఇనుమంతా ఒంటికి పట్టదు.

మాంసం, కాలేయం, చేపల్లో ఉండే ఇనుము సులువుగా పేగు గోడ దాటి రక్తంలోకి పోతుంది. గింజలు, పప్పులు, ఆకుకూరల్లో ఉండే ఇనుము అలా కాదు. అది పేగు తీసుకోలేని రూపంలో ఉంటుంది. గింజల పొట్టులోనూ, టీలోనూ, కాఫీలోనూ ఉండే కొన్ని పదార్థాలు దాన్ని పట్టుకుని కదలనివ్వవు. అందుకే వంద పాళ్ళు తింటే పది పాళ్ళు కూడా లోపలికి పోవు. మిగిలినదంతా మలంలో బయటకు పోతుంది.

మట్టి బండి బట్టీ గేటు దాకా వచ్చింది. గేటు మూసి ఉంది. బండి వెనక్కి పోయింది. జరుగుతున్నది ఇదే. కోడలు తింటున్నా రక్తం పట్టకపోవడానికి ఇది ఒక పెద్ద కారణం.

పండు చేసే పని ఇదే

ఉసిరి, జామ, నిమ్మ లాంటి వాటిలో సి విటమిన్ ఉంటుంది. ఇది కడుపులో ఇనుమును కలుసుకుని దాని రూపం మారుస్తుంది. పేగు తీసుకోగలిగే రూపంలోకి తెస్తుంది. అడ్డుపడే పదార్థాల చేతికి చిక్కకుండా కాపాడుతుంది. అంటే బట్టీ గేటు తీస్తుంది.

ఇది ఊహ కాదు. మన హైదరాబాదులోనే పరీక్ష చేసి చూశారు. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో తమిళనాడులోని కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై, తర్వాత హైదరాబాదుకు వచ్చింది. ఆ సంస్థ శాస్త్రవేత్తలు ప్రభుత్వ వసతి పాఠశాలల్లో చదివే 13 నుంచి 15 ఏళ్ళ పిల్లలు 16 మందిని తీసుకున్నారు. వాళ్ళలో ఆడపిల్లలూ ఉన్నారు, మగపిల్లలూ ఉన్నారు. ఒక రోజు మామూలు అన్నం భోజనం పెట్టారు. ఇంకో రోజు అదే భోజనం పెట్టి, దానితోపాటు 100 గ్రాముల జామపండు ఇచ్చారు. ఎంత ఇనుము ఒంటికి పట్టిందో కనిపెట్టడానికి భోజనంలో గుర్తుపట్టగలిగే ప్రత్యేకమైన ఇనుమును కలిపారు. దానివల్ల హాని ఏమీ ఉండదు.

ఫలితాన్ని 2013లో ప్రచురించారు. ఉత్త అన్నం భోజనం తిన్న రోజు ఆడపిల్లలకు వంద పాళ్ళ ఇనుములో దాదాపు 10 పాళ్ళే పట్టింది. జామపండుతో తిన్న రోజు 24 పాళ్ళు పట్టింది. మగపిల్లలకు 9 పాళ్ళ నుంచి 19 పాళ్ళకు పెరిగింది. భోజనం అదే. ఇనుము దాదాపు అంతే. ఒక్క జామపండుతో పట్టే ఇనుము రెట్టింపు దాటింది.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా చూడండి. ఇనుము ఉన్నది భోజనంలో. జామపండు దాన్ని లోపలికి పంపింది. భోజనం లేకుండా ఉత్త జామపండు తింటే పట్టడానికి ఇనుము ఎక్కడిది? ఖాళీ బండికి గేటు తీస్తే లాభం ఏముంది?

ఉసిరి రసం సంగతీ అంతే. అందులో ఇనుము చాలా తక్కువ. పొద్దున్నే పరగడుపున ఉసిరి రసం తాగి, మధ్యాహ్నం తెల్లన్నం చారుతో తిని, వెంటనే టీ తాగితే రక్తం పట్టదు. అదే ఉసిరికాయను ఉలవచారుతోనో, తోటకూర పప్పుతోనో కలిపి తింటే పనిచేస్తుంది. పెద్దల మాటలో ఉన్న సగం నిజం ఇది.

దానిమ్మ, బీట్‌రూట్ ఎరుపు వేరు, రక్తం ఎరుపు వేరు. రంగు చూసి మోసపోవద్దు. దానిమ్మ మంచి పండే. తింటే తప్పు లేదు. కానీ జామకాయ అంతకన్నా చాలా చవక. ఈ పని జామకాయే ఎక్కువ చేస్తుంది.

ఏ పండులో ఎంత?

వంద గ్రాముల పండులో సి విటమిన్ ఎంత ఉంటుందో చూడండి. లెక్క మిల్లీగ్రాముల్లో. కాయను బట్టి, కాలాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది.

ఉసిరికాయ: 250 లేదా అంతకన్నా ఎక్కువ
జామకాయ: 200కు పైగా
జీడిమామిడి పండు: జామకాయకు దగ్గరగా
నిమ్మరసం: 45 నుంచి 50
అనాసపండు: 35 దాకా
దానిమ్మ: 12, 13
అరటిపండు: 10 లోపు

పెద్దవాళ్ళకు ఒక రోజుకు కావాల్సిన సి విటమిన్ 100 మిల్లీగ్రాముల లోపే. రెండు పెద్ద ఉసిరికాయలో, ఒక జామకాయో తింటే సరిపోతుంది.

జీడి పండు గురించి ఒక మాట. పలాస, ఉద్దానం వైపు జీడితోటల్లో గింజ తీసుకుని పండును చాలావరకు పారేస్తారు. వేసవిలో చెట్ల కింద కుప్పలుగా కుళ్ళిపోతుంది. వగరుగా ఉంటుందని, గొంతు పట్టేస్తుందని తినరు. ముక్కలు కోసి కాసేపు ఉప్పునీళ్ళలో వేస్తే వగరు తగ్గుతుంది. అయితే గింజ పెంకులో ఉండే జీడి నూనె ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. గింజను జాగ్రత్తగా తీసి, చేతులు కడుక్కుని, ఆ తర్వాతే పండును ముట్టుకోవాలి. పిల్లల చేతికి గింజతో ఉన్న పండు ఇవ్వకండి.

ఎలా తినాలి?

పండును భోజనంతోనే తినాలి. లేదా భోజనం అయిన వెంటనే తినాలి. మూడు గంటల తర్వాత తింటే ఇనుము అప్పటికే కిందికి దిగిపోతుంది.

సి విటమిన్‌కు వేడి పడదు. నిమ్మరసాన్ని కూరలో పోసి ఉడికించకండి. కూర దింపాక, తినేముందు పిండుకోండి. ఉసిరికాయను ఉడికించడం కన్నా పచ్చిగా రోట్లో దంచి పచ్చడి చేసుకోవడం మేలు. ఊరగాయలో ఉప్పు ఎక్కువ. కొంచెమే వేసుకోవాలి.

పండును నమిలి తినగలిగితే రసం తీయాల్సిన పని లేదు. కోసి చాలాసేపు ఉంచిన ముక్కల్లోనూ, నిలవ ఉంచిన రసంలోనూ విటమిన్ తగ్గిపోతుంది. చక్కెర కలిపిన రసం పిల్లల పళ్ళకు, చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకు మంచిది కాదు.

టీ, కాఫీ భోజనంతో వద్దు. భోజనానికి గంట ముందో, గంటన్నర తర్వాతో తాగండి. ఇది పైసా ఖర్చు లేని మందు.

ఇనుప మూకుడులో వండండి. చింతపండు, టమాటా లాంటి పులుపు పడే కూర ఇనుప మూకుడులో వండితే కొంత ఇనుము కూరలోకి దిగుతుంది.

మన ఇంటి భోజనం ఇలా ఉండవచ్చు. పొద్దున చోడి అంబలి, నంజుకోవడానికి పచ్చి ఉసిరి పచ్చడి. మధ్యాహ్నం అన్నం, మునగాకు పప్పు, పైన పిండిన నిమ్మచెక్క. వారంలో రెండు మూడు సార్లు గుడ్డో, ఎండు మెత్తళ్ళో, దొరికితే కాలేయమో. సాయంత్రం టీ. రాత్రి అన్నం, ఉలవచారు, సగం జామకాయ. ఇందులో మన సంతలో దొరకనిది ఏమీ లేదు.

ఇంకో మాట. చాలా ఇళ్ళలో మగవాళ్ళు, పిల్లలు తిన్నాక మిగిలింది ఆడవాళ్ళు తింటారు. అప్పటికి కూర అడుగంటి ఉంటుంది. పప్పు పలచబడి ఉంటుంది. నెలనెలా రక్తం పోయేది ఆడవాళ్ళకు. బిడ్డను మోసేది ఆడవాళ్ళు. ఇనుము ఎక్కువ కావాల్సింది వాళ్ళకే. ఇంటిల్లిపాదీ కలిసి కూర్చుని తింటే ఈ అన్యాయం కొంతైనా తగ్గుతుంది.

మాత్రలు మానవద్దు

రక్తం కొంచెం తక్కువగా ఉంటే తిండితో నెమ్మదిగా సరిచేసుకోవచ్చు. బాగా తగ్గిపోతే తిండి, పండ్లు మాత్రమే చాలవు. గర్భిణికి అసలే చాలవు. గర్భం మొదలైనప్పటి నుంచి కాన్పు దాకా ఒక ఆడమనిషికి అదనంగా దాదాపు ఒక గ్రాము ఇనుము కావాలి. అంత ఇనుము రోజూ తినే తిండి నుంచి రావడం కష్టం.

అందుకే ఏఎన్ఎం, ఆశా కార్యకర్త ఎర్ర మాత్రలు ఇస్తారు. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, దానితోపాటు ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. నాలుగో నెల నుంచి రోజుకు ఒకటి చొప్పున కనీసం 180 రోజులు వేసుకోవాలి. కాన్పు అయ్యాక ఇంకో 180 రోజులు వేసుకోవాలి. బడికి వెళ్ళే ఆడపిల్లలకు, మగపిల్లలకు వారానికి ఒక నీలం మాత్ర ఇస్తారు. ఇవన్నీ ఉచితం.

"ఆ మాత్ర వేసుకుంటే వాంతి వస్తుంది" అని కొందరు చూరులో దోపేస్తారు. వికారంగా ఉంటే రాత్రి అన్నం తిన్నాక వేసుకోండి. కొన్నాళ్ళకు అలవాటవుతుంది. మలం నల్లగా వస్తే భయపడవద్దు. అది ఒంటికి పట్టని ఇనుము రంగు. "మాత్ర వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుంది" అనే మాట అబద్ధం. బిడ్డ రంగుకూ ఇనుముకూ సంబంధం లేదు.

మాత్రతో నిమ్మరసం తాగాలా? తాగితే తప్పు లేదు. తాగకపోయినా ఫరవాలేదు. చైనాలో 440 మంది రోగుల మీద పరీక్ష చేసి 2020లో ఫలితం చెప్పారు. సి విటమిన్ కలిపినవాళ్ళకూ, ఉత్త ఇనుము మాత్ర వేసుకున్నవాళ్ళకూ రక్తం దాదాపు ఒకేలా పెరిగింది. మాత్రలో ఇనుము ఎక్కువగా ఉంటుంది కాబట్టి గేటు దగ్గర సాయం అంతగా అవసరం పడలేదు. పండు సాయం ఎక్కువగా కావాల్సింది తిండిలోని ఇనుముకు.

ఒక హెచ్చరిక. ఈ మాత్రలు పిల్లలకు అందకుండా దాచండి. ఎర్రగా ఉన్నాయని, తియ్యని బిళ్ళలనుకుని చిన్నపిల్లలు గుప్పెడు మింగితే ప్రాణం పోవచ్చు. అలా జరిగితే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

మాత్ర వెనుక ఒక తెలుగువాడు

ఏ తిండి తింటే రక్తం పడుతుంది? ఈ ప్రశ్న మనదే కాదు. ప్రపంచమంతా అడిగిన ప్రశ్న.

అమెరికాలో జార్జ్ విపుల్ అనే డాక్టరు 1920లలో కుక్కల మీద పరీక్షలు చేశాడు. రక్తం తగ్గించిన కుక్కలకు రకరకాల తిండ్లు పెట్టి చూశాడు. అన్నిటికన్నా కాలేయం బాగా పనిచేసింది. పండ్లలో ఆప్రికాట్ అనే పండు కొంత పనిచేసింది. రక్తహీనతకు కాలేయం మందవుతుందని చూపినందుకు 1934లో ఆయనకూ, మరో ఇద్దరు డాక్టర్లకూ నోబెల్ బహుమతి వచ్చింది.

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. అక్కడ బట్టల మిల్లుల్లో పనిచేసే పేద ఆడవాళ్ళు గర్భంతో ఉన్నప్పుడు రక్తం లేక చనిపోతున్నారు. వాళ్ళ తిండి ఏమిటో ఆమె ఇళ్ళకు వెళ్ళి చూసింది. ఈస్టు నుంచి తీసిన సారం ఇచ్చి చూసింది. ఆ తల్లులు కోలుకున్నారు. ఆ సారంలో ఏదో తెలియని మందు ఉందని ఆమె చెప్పింది.

ఆ మందే ఫోలిక్ ఆమ్లం. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టాడు. పేదరికం చూశాడు. ఆయన సోదరుడు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయాడు. ఆ జబ్బులో తిన్నది ఒంటికి పట్టదు. రక్తం తగ్గిపోతుంది. సుబ్బారావు డాక్టరు చదువు చదివి అమెరికా వెళ్ళాడు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూకు కూడా అది మందయింది. 1948లో ఆయన చనిపోయాడు.

ఈ రోజు ఆశా కార్యకర్త మీ చేతిలో పెట్టే ఎర్ర మాత్రలో ఇనుముతోపాటు ఉన్నది అదే ఫోలిక్ ఆమ్లం.

కుండకు చిల్లు ఉంటే?

కుండకు చిల్లు ఉంటే ఎంత నీరు పోసినా నిండదు. ఒంట్లో రక్తం పోయే దారులు కూడా ముందు మూయాలి.

మొదటిది కొంకి పురుగు. బహిర్భూమిలో మట్టిలో ఉండి, చెప్పుల్లేని కాళ్ళ చర్మంలోంచి ఒంట్లోకి దూరుతుంది. పేగులకు అతుక్కుని రక్తం పీలుస్తుంది. మరుగుదొడ్డి వాడాలి. చెప్పులు వేసుకోవాలి. నులిపురుగుల మాత్ర బడిలోనూ, అంగన్‌వాడీలోనూ ఉచితంగా ఇస్తారు. పిల్లలచేత తప్పక వేయించాలి.

రెండోది మలేరియా. మన కొండ ప్రాంతాల్లో ఎప్పటినుంచో ఉన్న జబ్బు ఇది. మలేరియా క్రిమి ఎర్రకణంలోకి దూరి దాన్ని చిట్లిస్తుంది. చలిజ్వరం వస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. దోమతెర కట్టుకోవాలి.

మూడోది నెలసరిలో ఎక్కువ రక్తం పోవడం. సిగ్గుపడి దాచవద్దు. డాక్టరుకు చెప్పాలి.

నాలుగోది చిన్న వయసులో పెళ్ళి, వెంటవెంటనే కాన్పులు. ఒక కాన్పులో పోయిన ఇనుము తిరిగి చేరకముందే ఇంకో బిడ్డ కడుపున పడితే తల్లి ఒళ్ళు గుల్లవుతుంది.

పండ్ల రసం కీడు చేసే చోటు

ఇది మన జిల్లావాళ్ళు తప్పకుండా తెలుసుకోవాల్సిన సంగతి.

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు ఉద్దానంలో ఎంతోమంది మూత్రపిండాల జబ్బుతో బాధపడుతున్నారు. మూత్రపిండాలే మేస్త్రీ అని చెప్పుకున్నాం కదా. మేస్త్రీ మంచాన పడితే బట్టీకి కబురు అందదు. మట్టి ఉన్నా ఇటుకలు తయారుకావు. అందుకే ఆ రోగులు తెల్లగా పాలిపోతారు. వాళ్ళకు ఉసిరి రసం తాగించినా, జామకాయ తినిపించినా రక్తం పట్టదు. ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్, కొందరికి ఇనుము ఇంజెక్షన్ డాక్టరు ఇస్తారు. మందు అది.

పైగా వాళ్ళకు పండ్ల రసాలు విషం కావచ్చు. పండ్లలోనూ, కొబ్బరినీళ్ళలోనూ పొటాషియం అనే లవణం ఎక్కువగా ఉంటుంది. మంచి మూత్రపిండాలు ఎక్కువైన దాన్ని బయటకు పంపేస్తాయి. చెడిపోయిన మూత్రపిండాలు పంపలేవు. అది రక్తంలో పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. "నీరసంగా ఉన్నాడు, పండ్ల రసం పట్టండి" అని ప్రేమతో చేసిన పని ప్రాణం తీయవచ్చు. మూత్రపిండాల రోగి ఏ పండు తినాలో, ఎంత తినాలో డాక్టరే చెప్పాలి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి.

ఇంకొకటి కొడవలి కణాల జబ్బు. ఇది తల్లిదండ్రుల నుంచి బిడ్డకు వస్తుంది. గిరిజనుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. ఎర్రకణం గుండ్రంగా ఉండక కొడవలిలాగా వంగిపోయి, 120 రోజులు బతకాల్సింది కొన్ని రోజులకే చిట్లిపోతుంది. ఇక్కడ కొరత ఇనుముది కాదు. కణం ఆకారమే తప్పు. పండ్ల రసంతో ఇది పోదు. ఇనుము మాత్రలు కూడా డాక్టరు చెబితేనే వేసుకోవాలి. ఈ జబ్బును కనిపెట్టడానికి 2023 జూలైలో దేశమంతా ఒక కార్యక్రమం మొదలైంది. పరీక్ష చేయడానికి వస్తే రక్తం ఇవ్వడానికి వెనకాడవద్దు.

సీసా కొనే ముందు

"నెల రోజుల్లో రక్తం పట్టకపోతే డబ్బు వాపసు" అని ఎవరైనా సీసా అమ్మితే ఒక పని చేయండి. ముందు సర్కారు ఆసుపత్రికి వెళ్ళి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. చీటీ మీద అంకె మీరే చదవండి. ఇప్పుడు మీకు అంకెలు వచ్చు. ఇనుము కొరతే అయితే, మాత్రలు సరిగ్గా వేసుకున్నవాళ్ళకు నెలలో ఒక గ్రాము దాకా పెరుగుతుంది. 9 ఉన్నది 10 అవుతుంది. పెరగకపోతే కారణం వేరే ఉంది. మళ్ళీ డాక్టరును అడగాలి. హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక కూడా మూడు నెలలు మాత్రలు ఆపవద్దు. ఒంట్లో ఇనుము నిలవ చేరాలి కదా.

ఆ సీసాకు పెట్టే డబ్బుతో నెలంతా జామకాయలు, గుడ్లు, ఉలవలు వస్తాయి. లెక్క కట్టి చూడండి.

గుర్తుంచుకుందాం

పండు రక్తం కాదు. తిండిలోని ఇనుముకు పండు గేటు తీస్తుంది.
పుల్లని, వగరు పండును భోజనంతో కలిపి తినాలి.
టీ, కాఫీ భోజనానికి దూరంగా ఉండాలి.
గర్భిణి మాత్రలు మానకూడదు.
పాలిపోయినవాళ్ళందరికీ ఒకే కారణం ఉండదు. పరీక్ష చేయించుకున్నాకే మందు.

కలిసి మాట్లాడుకుందాం

1. మీ ఇంట్లో టీ ఎప్పుడు తాగుతారు? భోజనానికి ఎంత ముందు, ఎంత తర్వాత?
2. మీ ఊళ్ళో ఏ నెలలో ఏ పండు దొరుకుతుంది? పన్నెండు నెలలకూ జాబితా రాయండి.
3. మీ ఇంట్లో చివరగా తినేది ఎవరు? ఎందుకు?
4. మీ కేంద్రంలో చదువుకునేవాళ్ళందరూ హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. ఎవరి అంకె వాళ్ళు తమ పుస్తకంలో రాసుకోండి. మూడు నెలల తర్వాత మళ్ళీ చేయించుకుని, ఆ అంకె పక్కనే రాయండి.